రేజు వదలకండి, వదినా

ఫిబ్రవరి 9

మరిదికి,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్నయ్య రాయమంటే రాస్తున్నాను. ఫోను చేస్తే సరిపోదా అన్నాను. "వాడు ఫోనులో చెబితే నువ్వు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. కాగితం మీద రాయించుకో" అన్నాడు.

సంగతేమిటంటే, నేను జెట్ బోటు కొన్నాను. నువ్వు ఇక్కడున్నప్పుడు పనిచేసిన ఆ నీటి కొలతల ఆఫీసు వాళ్ళే, కొత్తవి తెచ్చుకుని పాతవి తీసేస్తుంటే ఒకటి తీసుకున్నాను. మా హెల్త్ సెంటర్ బోటుకి కింద తిరిగే ఫ్యాను ఉందిగా, నీళ్ళు తగ్గి నది పాయలుగా చీలిందంటే అది రాళ్ళకి కొట్టుకుని నెలకోసారి విరుగుతుంది. పోయినేడు ఎగువ నుంచి కాన్పుకి కబురొస్తే, నేను నడుము లోతు నీళ్ళలో దాన్ని తోసుకుంటూ వెళ్ళేసరికి బిడ్డ పుట్టి, పాలు తాగి, నిద్రపోయింది కూడా. తల్లి అదృష్టం బాగుంది కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. ప్రతిసారీ అలా ఉండదు.

నాలుగు రోజులుగా నడుపుతున్నాను. అదే నన్ను నడుపుతోందంటే సరిగ్గా ఉంటుంది. న్యూట్రల్లో పెట్టి తాడు కట్టబోతే తనంతట తను పాక్కుంటూ పోతుంది. రేవులో గుంజకి మూడుసార్లు గుద్దాను. మీ అన్నయ్య గట్టు మీద స్టూలు వేసుకుని చూస్తున్నాడు. తను మాత్రం ఎక్కడు. పదహారేళ్ళ కిందట ఇలాంటిదే నీ ఆఫీసు బోటు నుంచి తనని మోసుకొచ్చిన దగ్గర్నుంచి ఏ బోటూ ఎక్కలేదని నీకు తెలుసు. చలికాలంలో ఆ కాలు ఇంకా లాగుతుంది.

తెలిసినవి రాసి పంపు. నీ పనికి అడ్డం లేకపోతేనే.

వదిన

*

ఫిబ్రవరి 17

వదినగారికి నమస్కారాలు,

కవరు మీద మీ చేతిరాత చూసి, చించకుండా కాసేపు బల్ల మీద పెట్టుకున్నాను. ఇంట్లో అందరూ బాగున్నారని మొదటి వాక్యంలోనే రాసి మంచి పని చేశారు. జెట్ బోటు సంగతి చదివాక మా పంపుల షాపులో పక్కవాడికి కూడా చదివి వినిపించాను. నేను నవ్వలేదు. నవ్వినా మెచ్చుకోలుగానే నవ్వాను.

ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. అది బోటులా కనిపించే పెద్ద పంపు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ చిమ్ముతూనే ఉంటుంది. న్యూట్రల్ అని మీరనుకుంటున్నది న్యూట్రల్ కాదు. వెనక ఒక ఇనప మూత సగం దిగి, సగం నీళ్ళని ముందుకీ సగాన్ని వెనక్కీ మళ్ళిస్తుంది, అంతే. అందుకే పాకుతుంది. తాడు కట్టేముందు ఇంజను ఆపేయండి. అదే తాడు పొరపాటున నీళ్ళలో వేలాడితే పంపు నూడుల్సు పీల్చినట్టు పీల్చేస్తుంది. తాళ్ళన్నీ లోపలే చుట్టి పెట్టండి.

రేవుకి ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా రండి. నీళ్ళే మీకు బ్రేకు. మెల్లగా వస్తున్నాను అనిపించాక ఇంకో సగం మెల్లగా రండి.

లోతు లేనిచోట ఆగకండి. పరుగులో ఉన్నప్పుడు బోటు పైకి లేచి, చీలమండ లోతులో కూడా జారిపోతుంది. ఆపారంటే కిందికి దిగి కూర్చుంటుంది, గులకరాళ్ళు మింగుతుంది. అలా దిగబడితే లివర్ ముందుకి తోసి, ఇంజను రేజు పెంచి లాగకండి. దిగి తోయండి. మీకు అలవాటేగా.

ఇంజను గట్టిగా అరుస్తూ, బోటు కదలకపోతే అడుగు జాలీకి నాచు పట్టిందని అర్థం. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, ఆ తరవాతే చెయ్యి పెట్టండి. తాళం జేబులో పడందే చెయ్యి పెట్టొద్దు. మీరు వేళ్ళు కుట్టే మనిషి, మీ వేళ్ళు ఎవరు కుడతారు?

ఇంకొకటి. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే రేజు వదలకండి. స్టీరింగు తిప్పి ఇంకొంచెం రేజు ఇవ్వండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

అన్నయ్యకి నా నమస్కారాలు చెప్పండి. కాలికి వేడినీళ్ళ కాపడం పెడుతున్నారా?

మీ మరిది

*

ఫిబ్రవరి 26

మరిదికి,

ఉత్తరం అందింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్టీరింగు పక్కన కట్టుకున్నాను. మంత్రసాని పుస్తకం కూడా ఇంత శ్రద్ధగా చదవలేదు. న్యూట్రల్ సంగతి తెలిశాక గుంజకి ప్రాణం లేచొచ్చింది. ప్రవాహానికి ఎదురు రావడం నిన్నటికి పట్టుబడింది. మొన్న బోటు కదలకుండా మొండికేస్తే, నువ్వన్నట్టే తాళం జేబులో వేసుకుని చెయ్యి పెట్టాను. బారెడు నాచు, అందులో ఎవరిదో పిల్లల మేజోడు. ఆ మేజోడు ఎవరిదని రెండు రోజులుగా ఊళ్ళో విచారణ నడుస్తోంది.

ఇదంతా బాగుంది. కానీ చివర్న రాశావే, అడ్డం వస్తే రేజు వదలకండి, ఇంకా ఇవ్వండి అని, అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా రాయి కనిపిస్తే ఎవరైనా వేగం తగ్గిస్తారు. నువ్వొక్కడివే పెంచమంటావు. అప్పుడూ ఇంతే. నేను ఆపు, ఆపు అని మొత్తుకుంటున్నా వినలేదు. చివరికి నేను చెయ్యి చాచి ఆ లివర్ వెనక్కి లాగబట్టి సరిపోయింది. లేకపోతే మీ అన్నయ్యకి పోయేది కాలొక్కటే కాదు. పదహారేళ్ళు గడిచినా నీ దూకుడు తగ్గలేదంటే ఏమనుకోవాలి?

రాయకూడదనుకుంటూనే రాశాను.

మీ అన్నయ్య ఒక మాట అడగమన్నాడు. ఓ రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి చెయ్యి పట్టి నేర్పకూడదా అని. వస్తే వర్క్‌షాపు పక్క గది ఖాళీ చేయిస్తానన్నాడు. అడగమన్నాడు, అడిగాను.

వదిన

*

మార్చి 6

వదినగారికి,

మీరన్న మాటలో తప్పులేదు. ఆ రోజు నేను వేగంగానే పోతున్నాను.

షాపులో ఇద్దరు మానేశారు. సెలవు దొరకదు. అన్నయ్యకి మీరే నచ్చజెప్పండి.

ఒక్క పని మాత్రం చెయ్యండి. నా మీద కోపం ఉంచుకునే చెయ్యండి. వెడల్పుగా, లోతుగా, ఎవరూ లేని చోటికి బోటు తీసుకెళ్ళండి. ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఒకటి నీళ్ళలో వేసి, దాని మీదికి వెళ్ళండి. ఒకసారి రేజు పూర్తిగా వదిలి స్టీరింగు తిప్పండి. రెండోసారి రేజు ఇస్తూ తిప్పండి. క్యానుకి ఏమవుతుందో చూడండి. పేషెంటుని ఎక్కించుకునే లోపల ఇది చెయ్యాలి. నేను అడుగుతున్నది ఇదొక్కటే.

మరిది

*

మార్చి 24

వదినా,

అన్నయ్య కార్డు ఇప్పుడే అందింది. అందులో ఉన్నది మొత్తం ఇదీ: "బోటు గుద్దుకుంది. వదిన మంచం మీద ఉంది. నీ మాట అంటోంది. వీలైతే రా." అంతే. తేదీ కూడా లేదు. వడ్రంగం కొలతలు రాసినట్టు రాశాడు.

ఫోనున్నది మీ హెల్త్ సెంటర్‌లోనేగా, అక్కడికి చేశాను. ఎవరో తీసి, నర్సమ్మ లేరండీ, సెలవు అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది.

దెబ్బ ఎక్కడ తగిలింది? తలకా? స్పృహ ఉందా? నా మాట అంటోంది అంటే ఏమని? నన్ను తిడుతున్నారని రాసినా సంతోషమే, తిట్టే ఓపిక ఉందని అర్థం. సెలవు దొరకదని అబద్ధం చెప్పాను. అడగనే లేదు. శనివారం లోపల జవాబు రాకపోతే బయల్దేరుతున్నాను. మా ఆవిడ బ్యాగు సర్దేసింది.

ఎవరి చేతనైనా రెండు ముక్కలు రాయించండి.

మరిది

*

మార్చి 27

నాయనా,

ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు. నాకేం కాలేదు. జ్వరం వచ్చింది, అంతే. తడిసిన బట్టలతో సగం రోజు తిరిగితే ఎవరికైనా వస్తుంది. ఇవాళ లేచి అన్నం తిన్నాను. బోటు గుద్దుకున్నది కూడా మన గుంజకే, తిరిగొచ్చాక, అలిసిపోయి. రంగు గీసుకుపోయింది, అంతకన్నా ఏం లేదు. మీ అన్నయ్యని గట్టిగా మందలించాను. "నేను రాసిందాంట్లో అబద్ధం ఏముంది?" అంటాడు. ఈ ఉత్తరం నీకు శనివారం లోపల అందాలని పోస్టు బస్సు డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను.

ఇక జరిగింది చెబుతాను. ఓపిగ్గా చదువు.

క్యాను పరీక్ష నేను చెయ్యలేదు. నీ మాట వినకూడదని పంతం.

పదిహేడో తారీఖు పొద్దున ఎగువ రంపపు మిల్లు నుంచి కబురొచ్చింది. ఫోర్‌మన్ చెయ్యి బెల్టులో పడింది. వెళ్ళేసరికి మణికట్టు దగ్గర నరం తెగి రక్తం కారిపోతోంది. గట్టిగా కట్టు కట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని ముందు కూర్చోబెట్టాను. దిగువ ఆస్పత్రి రేవుకి నలభై నిమిషాలు. చీలమండ లోతు పాయలు మూడు దాటాను, అన్నీ పరుగులోనే, ఒక్కచోటా ఆగలేదు. నీ ఉత్తరం పక్కన టపటపలాడుతోంది.

ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా పంటు. లారీని ఎక్కించుకుని నదికి అడ్డంగా దాటుతోంది. నా చెయ్యి దానంతట అది లివర్ వెనక్కి లాగేసింది. ఇంజను ఒక్కసారి అణిగిపోయింది. ఆ చప్పుడు నేను ఇదివరకు ఒకసారి విన్నదే. స్టీరింగు మొత్తం తిప్పాను. బోటు తిరగలేదు. చక్రం నా చేతిలో ఊరికే తిరుగుతోంది, బోటు మాత్రం దుంగలా సూటిగా లారీ కిందికే పోతోంది. లారీ పక్కన నిలబడ్డవాళ్ళ చొక్కాల గుండీలు కనిపించాయి.

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు రాసింది. లివర్ ముందుకి తోశాను. మరిదీ, అది ఉన్నచోటే గిరుక్కున తిరిగింది. ఒక పెద్ద అల లేచి మా ఇద్దరినీ ముంచేసింది. కళ్ళు తెరిచేసరికి బోటు వచ్చిన దారి వైపు తిరిగి నిలబడి ఉంది, పంటుకి నాలుగు బారల దూరంలో. ఫోర్‌మన్ చెయ్యి దించకుండా, నెత్తి మీంచి నీళ్ళు కారుతుంటే, "అమ్మా, ఇప్పుడు వెనక్కి వెళ్తున్నామా?" అని అడిగాడు.

అతనికి ఐదు వేళ్ళూ దక్కాయి. నిన్న కబురు పంపాడు, బొటనవేలు కదులుతోందట.

కానీ నేను రాయాల్సింది ఇది కాదు. తిరిగొస్తూ దారి పొడుగునా ఒక్కదాన్నే ఆలోచించాను. నీళ్ళు చిమ్మితేనే బోటు తిరుగుతుంది. చిమ్మడం ఆగిపోతే స్టీరింగు ఉన్నా లేనట్టే. ఆ రోజు కూడా నువ్వు తిప్పుతూనే ఉన్నావు. నేను చూశాను, చక్రం పూర్తిగా ఎడమకి తిప్పి ఉంది. నువ్వు తప్పించేవాడివి. నేను లివర్ లాగాను. ఇంజను అలాగే అణిగిపోయింది. అలాగే సూటిగా వెళ్ళి రేవు రాతి మెట్లకి కొట్టుకుంది. ముందు కూర్చున్న మీ అన్నయ్య కాలు విరిగింది.

లాగింది నేను. వాళ్ళ అన్నయ్య కాలు వాడే విరగ్గొట్టాడు, నేను ఆపబట్టి ప్రాణాలు దక్కాయి అని పదహారేళ్ళు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. నువ్వు వింటుండగా కూడా చెప్పాను. నువ్వు ఉద్యోగం వదిలి వెళ్ళిపోతుంటే గుమ్మం దాకా కూడా రాలేదు.

నీకు అప్పుడే తెలుసు కదూ? మరి ఎందుకు చెప్పలేదు?

జ్వరంలో నేను నీ మాట అన్నది ఇదేనట. "వాడు తిప్పాడు, వాడు తిప్పాడు" అని.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. నీ జవాబు చూసి చెబుతాను.

వదిన

*

ఏప్రిల్ 3

వదినా,

శనివారం పొద్దున బస్టాండులో, టికెట్టు చేతిలో ఉండగా మా ఆవిడ ఉత్తరం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అక్కడే బెంచీ మీద కూర్చుని చదివాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మొత్తం చదివాక ఎక్కలేకపోయాను. మీకు ముందు జవాబు రాయాలి, ఆ తరవాతే మొహం చూపించాలి అనిపించింది.

తెలుసు. అప్పుడే తెలుసు.

ఎందుకు చెప్పలేదంటే, ఆ రోజు మీరు ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. అన్నయ్య లోపల ఉన్నాడు. మీరు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నారు. అప్పటికి మీరు ఉద్యోగంలో చేరి ఆర్నెల్లే. ఆ చేతులే కారణమని చెబితే మళ్ళీ సూది పట్టుకుంటారా అని భయమేసింది. తరవాత చెబుదామనుకున్నాను. ఈలోపు నేనే చేశానని అందరికీ తెలిసిపోయింది. ఆ తరవాత చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టుంటుంది.

మొదటి ఉత్తరంలో రేజు వదలకండి అని రాసి కారణం రాయలేదు. రాస్తే మీకు ఆ రోజు గుర్తొస్తుందని దాటేశాను. అది నేను చేసిన రెండో తప్పు. మీ పంతం కాదు, ఆ దాటవేతే మిమ్మల్ని లారీ దాకా తీసుకెళ్ళింది. నేర్పేవాడు కారణం దాచకూడదు.

మొదటి తప్పు ఏమిటంటే, మీరు మూడుసార్లు ఆపమన్నారు. నాకు వినపడింది. కొత్త బోటు, పక్కన వదిన, ముందు అన్నయ్య. నా పనితనం చూపించాలని సరదా. మాట వినకపోతే మనిషి చెయ్యి వాడక ఏం చేస్తుంది? పైగా ఎవరైనా ఎక్కగానే, లివర్ జోలికి రావద్దు, వస్తే బోటు తిరగదు అని చెప్పడం డ్రైవరు పని. నేను చెప్పలేదు. కాబట్టి మొత్తం మీరే మోసుకుపోవద్దు. నా వాటా నాకు ఉంచండి, దానికి అలవాటు పడిపోయాను.

నిజం చెప్పనా? ఉత్తరం చదివాక నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆకలేసింది. బస్టాండులో రెండు ప్లేట్లు తిన్నాను. మా ఆవిడ ఆశ్చర్యంగా చూస్తూ కూర్చుంది.

ఫోర్‌మన్ బొటనవేలు గురించి మళ్ళీ రాయండి.

మీ మరిది

*

ఏప్రిల్ 11

తూనీగా,

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నిన్ను ఇలాగే పిలిచేదాన్ని. మళ్ళీ పిలవాలనిపించింది.

మీ అన్నయ్యకి చెప్పాను. తను తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. నేను మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. చిత్రిక ఆపలేదు. ఆ చెక్క అంచు దాకా వెళ్ళాక ఆగి, "వాడు అందుకా రావట్లేదు?" అని అడిగాడు. అవునన్నాను. "నా కాలు కోసమా? ఈ కాలు చలికాలం రెండు నెలలే నొప్పి. వాడు లేకపోవడం ఏడాది పొడుగునా ఉంది. మీరిద్దరూ కలిసి నాకు ఇదా చేసింది?" అన్నాడు. లివర్ ఎవరు లాగారన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం మాత్రం ముఖం తిప్పుకునే టీ తాగాడు.

మర్నాడు పొద్దున రేవులో సుత్తి చప్పుడు. వెళ్ళి చూస్తే బోటులో ముందు సీటుకి కొత్త చెక్క బిగిస్తున్నాడు. కట్టేసి ఉన్న బోటే అనుకో, అయినా ఎక్కి కూర్చున్నాడు. కింద పట్టుకోవడానికి ఒక కర్ర కూడా బిగించాడు. పని అయిపోయాక దిగలేదు. "తిప్పు చూద్దాం" అన్నాడు.

ముందు నువ్వు రాసినట్టే చెప్పాను, లివర్ జోలికి రాకూడదు, భయమేస్తే చెప్పాలి, చెబితే వింటాను అని. తలూపాడు. పంటు రేవు దాకా వెళ్ళి వచ్చాం. వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. వచ్చేటప్పుడు, లోతు ఎక్కువున్న చోట, "ఇంకొంచెం పోనివ్వు" అన్నాడు.

ఇంటికొచ్చిన వాళ్ళకి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మేజోడు విచారణ పక్కకి పోయి, ఊరంతా దీని మీద పడ్డారు. పడనీ.

ఫోర్‌మన్ బొటనవేలు బాగుంది. చిటికెన వేలు ఇంకా వంగదు. వర్క్‌షాపు పక్క గది కడిగించాం. మీ ఆవిడకీ నీకూ మంచాలు వేసి ఉన్నాయి. ఈసారి నేను అడుగుతున్నాను, మీ అన్నయ్య అడగమన్నాడని కాదు.

నీ వదిన

*

ఏప్రిల్ 17

వదినా,

పది రోజులు సెలవు అడిగాను. ఇంత మామూలుగా ఇస్తారని తెలిస్తే ఎప్పుడో అడిగేవాడిని.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి ఇద్దరం దిగువ రేవులో దిగుతాం. పంటు ఎక్కకుండా మీకోసం చూస్తాం. మీరే బోటు తీసుకురండి. అన్నయ్య సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది, తనకి ఈత రాదు, పట్టుకునే కర్ర అక్కడే ఉందన్నారుగా. నేను మీ పక్కన కూర్చుంటాను. ఇంతవరకూ ఇంకొకరు నడిపే బోటులో ఊరికే కూర్చున్నవాడిని కాదు. నాకే భయమేస్తుందేమో, వేస్తే గట్టిగా చెబుతాను. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉంచుకుంటాను.

తూనీగ